పిల్లల్లో ఊబకాయం: దేశాలన్నీ కలిసి ఒప్పందం చేసుకోవాలా, ఎవరి చట్టం వాళ్ళకి సరిపోదా?

సందేహాలపుట్ట: పొగాకు మీద 2003లో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి కదా, మరి దీనికెందుకు లేదు? 2022 లెక్కల్లో 5 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో 39 కోట్ల మందికి పైగా అధిక బరువు, అందులో 16 కోట్ల మందిది ఊబకాయమే అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది.

కాకిలెక్క: ఒప్పందం దేనికండీ? మెక్సికో 2014లో తీపి డ్రింకుల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేసింది, ఎవర్నడిగి వేసింది? బ్రిటన్ చక్కెర ఎంతుంటే అంత పన్ను అని 2018లో మొదలెట్టింది, అది అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెర తగ్గించేసుకున్నాయి. చేసేవాళ్ళు చేస్తారు, చెయ్యనివాళ్ళు సంతకం పెట్టి అటకెక్కిస్తారు.

మూడోకన్ను: పన్ను వరకు సరే, యాడ్స్ సంగతేంటి? కెనడాలో క్యూబెక్ 1980 నుంచే 13 ఏళ్ళలోపు పిల్లలకి యాడ్స్ బ్యాన్ చేసింది, మరి పక్కనున్న అమెరికా ఛానెళ్ళలో వచ్చేవాటిని ఏం చెయ్యగలదు? టీవీకే దిక్కులేదు, ఇప్పుడు వీడియో ఒక దేశంలో తీసి ఇంకో దేశం నుంచి అప్‌లోడ్ చేస్తే మూడో దేశంలో పిల్లాడు ఫోన్లో చూస్తున్నాడు, ఏ చట్టం పట్టుకుంటుంది దాన్ని? ఇంకోటి, చక్కెర, ఉప్పు ఎక్కువున్న ప్యాకెట్ల మీద చిలీ 2016లో ఎనిమిది పలకల నల్ల గుర్తులు పెట్టించింది, కార్న్‌ఫ్లేక్స్ లాంటి టిఫిన్ సీరియల్ డబ్బాల మీద కార్టూన్లు కూడా తీయించింది. ఆ రూల్స్ ఇంకా తయారవుతుండగానే ప్రపంచ వాణిజ్య సంస్థలో వేరే దేశాలు అభ్యంతరాలు లేవదీశాయి. చిలీ నిలబడింది, చిన్న దేశాలన్నీ నిలబడతాయా?

కాకిలెక్క: 2010లో ప్రపంచ ఆరోగ్య మహాసభలో ఈ యాడ్స్ మీదే అందరూ కలిసి సిఫార్సులు ఆమోదించారుగా, ఏం ఒరిగింది?

మూడోకన్ను: సిఫార్సులండీ అవి! పాటించకపోతే అడిగే నాథుడు లేడు. మీరు చెప్పేది నా వైపు పాయింటే :)

కాకిలెక్క: హహ, సరే. కానీ సిగరెట్ మానేసి బతకొచ్చు, తిండి మానేసి బతకలేం కదా. ఏది చెడ్డ తిండి అని గీత గియ్యడానికే పదేళ్ళు కొట్టుకుంటారు. యాడ్స్ వరకు అయితే ఒప్పుకుంటా, పన్నుల జోలికి మాత్రం రావద్దు.

సందేహాలపుట్ట: యాడ్స్ వరకే అనుకున్నా, ఫైన్ ఎవరు వెయ్యాలి? వీడియో పంపిన దేశమా, పిల్లాడు చూసిన దేశమా?

మూడోకన్ను: చూసిన దేశం. పంపిన దేశం ఆ ఫైన్ వసూలు చేసి పెట్టాలి. ఒప్పందం కావాలంటున్నది ఆ ఒక్క ముక్క కోసమే.