తమ్ముడు నాలుగేళ్ళుగా మెథడోన్ తాగుతున్నాడు, ఇక ఆపించాలా?

పెద్దక్క:
మా తమ్ముడికి 31 ఏళ్ళు. హెరాయిన్ మాని నాలుగేళ్ళు దాటింది. అప్పట్నుంచీ రోజూ క్లినిక్‌కి వెళ్ళి, హెరాయిన్ బదులుగా డాక్టర్లు ఇచ్చే మెథడోన్ అనే సిరప్ తాగుతున్నాడు, ఇప్పుడు 80 మిల్లీగ్రాములు. ఉద్యోగం నిలబెట్టుకున్నాడు, అప్పులు చాలావరకు తీర్చాడు, ఇంట్లో వస్తువులు మాయమవడం ఎప్పుడో ఆగిపోయింది. నాన్న మాత్రం "ఒక మత్తు వదిలి ఇంకోటి పట్టుకున్నాడు, అంతేగా" అంటారు. ఇప్పుడు వాడికి వేరే ఊళ్ళో మంచి ఉద్యోగం వచ్చేలా ఉంది. వెళ్ళేలోపు ఈ మందు పూర్తిగా మానేయాలని నాన్న పట్టుబడుతున్నారు. వాడేమో "అక్కా, నాకు భయంగా ఉంది" అంటున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ మందు పనిచేస్తూనే ఉంటుందా? షుగర్‌కి ఇన్సులిన్ లాంటిదే అని మాత్రం చెప్పకండి, ఆ మాట విని విని నాన్న విసిగిపోయారు.

పాతకాపు:
అక్కా, నేను మెథడోన్ మొదలుపెట్టి పదేళ్ళు దాటింది. డోసు తాగిన రెండు మూడు గంటలకి మందు ఒంట్లో బాగా ఎక్కి ఉంటుంది. సరిగ్గా ఆ టైములో అబ్బాయి పక్కన కూర్చోమనండి నాన్నగారిని. కళ్ళు మూతలు పడుతున్నాయా, మాట తడబడుతోందా, ఆయన్నే చూడమనండి. డోసు కుదిరినవాడిలో అవేవీ కనపడవు.

హెరాయిన్ పని కొన్ని గంటలే. దిగిపోగానే ముక్కు కారడం, కాళ్ళు పీకడం, కడుపులో తిప్పడం మొదలు. దాంతో రోజంతా దాన్ని వెతుక్కోవడానికే సరిపోయేది నాకు. మెథడోన్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది కాబట్టి రోజుకి ఒక్కసారి చాలు. డోసు సరిపడా ఉంటే పైన హెరాయిన్ తీసుకున్నా పెద్దగా ఎక్కదు. నాకైతే ఆ కోరికే నెమ్మదిగా చల్లారింది.

బాధలు లేవని అనను. మలబద్ధకం ఈ మందుతో పుట్టిన కవల. చెమటలు విపరీతం. క్లినిక్ టైముకి కట్టుబడి బతకడం ఇంకో విసుగు, ఊరికి వెళ్ళాలన్నా ముందే చెప్పుకోవాలి. అయినా మానమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాను. నాతో పాటు మొదలుపెట్టిన ఒకతను ఇంట్లోవాళ్ళ పోరు పడలేక ఆపేశాడు. కొన్ని వారాలకే మళ్ళీ హెరాయిన్, అదీ పాత లెక్క ప్రకారం. మోతాదు మించితే విరుగుడుగా ఇచ్చే నాలొక్సోన్ దగ్గర్లో ఉండబట్టి బతికాడు.

ఫార్మసిస్టు:
పాతకాపు గారు చెప్పిన ఆ చివరి సంగతే అసలు ప్రమాదం. మందు ఆపగానే ఒంటికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మనిషి చెయ్యి మాత్రం పాత మోతాదుకే వెళ్తుంది.

న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే డాక్టర్లు 1964లో ఈ చికిత్స మొదలుపెట్టారు. అప్పట్నుంచీ దీని మీద జరిగినంత పరిశీలన చాలా మందుల మీద జరగలేదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పలు అధ్యయనాలను కలిపి లెక్కగట్టిన వ్యాసం వచ్చింది. మెథడోన్ తీసుకుంటున్నవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందికి సుమారు 11 మరణాలు, చికిత్స వదిలేసినవాళ్ళలో 36. మొదలుపెట్టిన తొలి నాలుగు వారాలు, ఆపిన తొలి నాలుగు వారాలు మరీ జాగ్రత్తగా ఉండాలని కూడా అందులోనే ఉంది. నాన్నగారికి ఈ అంకెలు చూపించండి.

అలాగని ఇది అన్నిటికీ మందు కాదు. తాగుడునో కొకైన్‌నో ఇది మాన్పించదు. మద్యం, నిద్రమాత్రలు దీంతో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. గుండె లయ మీద ప్రభావం ఉంటుంది, అందుకే కొందరికి ఈసీజీ తీయిస్తారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ మొదలుపెడితే మెథడోన్ పనితనం పడిపోయి విత్‌డ్రాయల్, అంటే మందు అందనప్పటి బాధలు, వచ్చేస్తాయి. అందుకని ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా తమ్ముడు ఈ మందు సంగతి దాచకూడదు.

నిర్మొహమాటం:
అందరూ జీవితాంతం తాగాల్సిందే అన్నట్టు మాట్లాడుతున్నారు. నేను ఆపాను, బాగానే ఉన్నాను. కాకపోతే నెలకి కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాను, కష్టమైనప్పుడు డాక్టరు అదే డోసు మీద నిలిపేవారు. చివరి కొన్ని మిల్లీగ్రాములు తగ్గించడమే నరకం, నిద్ర పట్టేది కాదు. ఇవన్నీ నేను కోరుకుని చేసినవి కాబట్టి ఓర్చుకున్నాను. మీ తమ్ముడు భయమని చెప్తున్నాడు, అందులోనూ కొత్త ఊరు, కొత్త ఉద్యోగం. ఇంత పెట్టుకుని అదే నెలలో మందు కూడా ఆపమనడం నాకైతే అన్యాయంగా తోస్తోంది.

పెద్దక్క:
అందరికీ థాంక్స్. నాన్న ఆ 11, 36 అంకెల దగ్గర ఆగి రెండుసార్లు చదివించుకున్నారు. ఒప్పుకున్నానని అనలేదు కానీ, వచ్చే వారం క్లినిక్‌కి తనూ వస్తానన్నారు. మరి ఊరు మారేటప్పుడు మందు ఎలా?

ఫార్మసిస్టు:
బయలుదేరేముందే ఇక్కడి క్లినిక్ నుంచి డోసు, చివరిసారి తాగిన తేదీ రాసిన ఉత్తరం తీసుకుని, అక్కడి క్లినిక్‌తో ముందుగా మాట్లాడించండి. ఇంటికి ఇచ్చే డోసులు వస్తాయేమో అడగండి. ఇస్తే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి, అలవాటు లేనివాళ్ళకి, ముఖ్యంగా పిల్లలకి, ఒక్క డోసు ప్రాణం తీయగలదు. ప్రయాణం హడావిడిలో మూడు రోజులు తప్పిపోతే మాత్రం మళ్ళీ 80 తాగెయ్యొద్దనండి. ముందు క్లినిక్‌కి ఫోన్ చేయాలి, వాళ్ళు తగ్గించి మొదలుపెడతారు.