ఊళ్లో ఉన్న పొలం ఫాఫ్సాలో చూపించాలా, అక్కర్లేదా?

ఎకరంన్నర_ఆసామి:
అందరికీ నమస్కారం. మా అమ్మాయిది హైస్కూల్ ఆఖరి ఏడాది. ఇక్కడ అమెరికాలోనే పుట్టింది కాబట్టి సిటిజన్. నేను హెచ్1బీ, మా ఆవిడ హెచ్4, సంపాదన నా ఒక్కడిదే, ఏడాదికి 80 వేల డాలర్లు. కాలేజీ ఖర్చులకి ప్రభుత్వ సాయం కోసం వేసే దరఖాస్తు, ఫాఫ్సా, నింపుతున్నాను. ఆదాయం గొడవ లేదు, ఒప్పుకుంటే పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి అదే వచ్చేస్తుంది. ఆస్తుల దగ్గర ఆగిపోయాను. ఇన్వెస్ట్‌మెంట్ల నికర విలువ ఎంత అని ఒకటే గడి. ఉంటున్న ఇల్లు తప్ప మిగతా స్థిరాస్తి అంతా అందులోనే కలపాలట.

తాతగారి నుంచి వచ్చిన ఎకరంన్నర నా పేరున ఉంది. పాస్‌బుక్ నాదే గానీ సాగు, కౌలు అంతా నాన్నగారిదే. మా ఆవిడకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం ఒకటుంది. ఊరి పక్కనుంచి రోడ్డు పడ్డాక రెండూ కలిపి ధర బాగా పెరిగింది, 2 లక్షల డాలర్ల దాకా పలుకుతుంది. ఇక్కడి స్నేహితుల్లో ఎవరినడిగినా "సున్నా వేసి ముందుకెళ్లు" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. అలాగని ఏనాడూ రూపాయి కళ్లజూడని పొలం వల్ల పిల్లకి రావాల్సింది పోతుందంటే అదీ బాధే. మీరేమంటారు?

ఆస్టిన్_అన్న:
సున్నా వేసెయ్ తమ్ముడూ. విదేశీ బ్యాంకు ఖాతాలన్నీ కలిపి 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వెయ్యాలి, నిజమే. కానీ నేరుగా నీ పేరున ఉన్న భూమిని ఎఫ్‌బార్ అడగదు, విదేశీ ఆస్తులు చూపించే 8938 ట్యాక్స్ ఫారం కూడా అడగదు. వెరిఫికేషన్‌కి ఎంపికైనా ఎక్కువగా చూసేది ఆదాయం, ఇంట్లో ఎంతమంది అన్నదే. కాలేజీ ఎయిడ్ ఆఫీసులో కూర్చున్నావిడ తెలంగాణ భూరికార్డుల సైటు భూభారతి తెరిచి సర్వే నంబరు కొడుతుందా?

అదలా ఉంచు. అమ్మడానికి వీల్లేనిది ఆస్తెలా అవుతుంది? మనం పొలం కొనడానికే రూల్ ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మాలంటే అక్కడ ఉండే భారతీయుడికే అమ్మాలి. నాన్న బతికుండగా ఆ మాట ఎత్తగలవా?

లెక్కల_పంతులు:
చూపించాలా వద్దా అన్నదాంట్లో చర్చకు చోటే లేదండీ, చూపించాలి. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ఫాఫ్సా పట్టించుకోదు. తెలిసి తప్పు రాస్తే 20 వేల డాలర్ల దాకా జరిమానా, జైలు, లేదా రెండూ అని సంతకం పెట్టే చోటే ఉంటుంది.

చూపిస్తే నష్టమెంతో ఎవరూ లెక్క వేసినట్టు లేరు. తల్లిదండ్రుల ఆస్తిలో 12 శాతం తీసుకుని ఆదాయానికి కలుపుతారు. ఆ మొత్తం మీద 22 నుంచి 47 శాతం దాకా పట్టుకుంటారు. అంటే ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. లక్ష డాలర్ల ఆస్తికి మీ ఎస్‌ఏఐ, అదే మీరు పెట్టుకోగలరని వాళ్లు అనుకునే అంకె, మహా అయితే 5,640 పెరుగుతుంది. మీ 2 లక్షలకి 11,280.

ఆదాయం పేదరిక రేఖకి 175 శాతం లోపు ఉంటే, ఇద్దరు తల్లిదండ్రులున్న ఇంట్లో పిల్లలకి ఆస్తులతో సంబంధం లేకుండా పూర్తి పెల్ గ్రాంట్, అంటే తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం, వస్తుంది, 7,395 డాలర్లు. రెండు ఉద్యోగాల ఐటీ ఇళ్లకి సున్నా వేసినా పెల్ రాదు, ప్రభుత్వ లోన్ మాత్రమే వస్తుంది. మొదటి ఏడాది 5,500, దానికి ఆస్తి అడ్డం కాదు. తేడా పడేది ఆసామి గారిలాంటి మధ్యవాళ్లకే. ఇంట్లో నలుగురనుకుంటే, ఆయన ఆదాయానికి వచ్చే పెల్ ఎటూ పూర్తి మొత్తం కంటే బాగా తక్కువే. పొలం చూపిస్తే అది ఇంకా తగ్గవచ్చు. 2026-27 నుంచి ఎస్‌ఏఐ 14,790 చేరితే పెల్ లేదన్నారు. రాష్ట్ర గ్రాంట్లు వేరే సంగతి, అవి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం. ఆ కాస్త పెల్ కోసం 20 వేల ప్రమాదం నెత్తికెత్తుకుంటారా?

డెట్రాయిట్_అత్తయ్య:
పంతులుగారూ, లెక్క బాగుంది. పట్టుబడే భయం లేకపోతే మాత్రం తప్పు తప్పు కాకుండా పోతుందా?

మా ఆయన కిరాణా స్టోర్‌లో పనిచేస్తారు, మాకు అక్కడా సెంటు భూమి లేదు, ఇక్కడా లేదు. కాలేజీ తన సొంత గ్రాంట్ డబ్బు పంచేటప్పుడు ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఆదాయం ఇద్దరిదీ ఒకటే. ఒకరి వెనక తాత ఇచ్చిన కోటి రూపాయల పైచిలుకు ఆస్తి, ఇంకొకరి వెనక ఏమీ లేదు. ఇద్దరి కాగితాల్లోనూ సున్నానే ఉంటే ఎవరికి అన్యాయం జరిగినట్టు? "అమ్మలేం" అంటున్నారు. ఆడపిల్ల పెళ్లికైతే ఇదే పొలం అమ్ముడుపోతుంది, చదువుకనేసరికి సెంటిమెంటు అడ్డొస్తుంది. అమ్మిన డబ్బు ఇండియా బ్యాంకులో ఎన్నారైలకుండే ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చని అందరికీ తెలుసు.

ఆస్టిన్_అన్న:
అత్తయ్యగారూ, అన్యాయం అన్నారు కాబట్టి అడుగుతున్నా. మా వీధిలో ఒకాయనకి రిటైర్మెంట్ ఖాతా 401కెలో 6 లక్షల డాలర్లున్నాయి. 9 లక్షల ఇల్లు, అప్పు తీరిపోయింది. ఫాఫ్సాలో ఆ రెండూ లెక్కలోకే రావు, ఆయన సున్నా వేసినా నిజాయితీపరుడే. మన అమ్మానాన్నలు దాచిందంతా మట్టిలో దాచారు, 401కెలో కాదు. దాచుకున్న చోటు వేరైనందుకే కదా మనవాడు దోషి! ఫారం తయారుచేసినవాళ్లు వాళ్ల బతుకులే చూసి రాసుకున్నారు.

లెక్కల_పంతులు:
అది నిజమే, కాదనను. కానీ దానికి మందు అబద్ధం కాదుగా.

కౌలు_కాగితం:
ఎవరికీ తెలియదు అనేవాళ్లు ఒక్కసారి మీ ట్యాక్స్ రిటర్న్ తీసి చూసుకోండి. హైదరాబాద్ ఫ్లాట్ అద్దెకిచ్చినవాళ్లు రిటర్న్‌తో పాటు అద్దె ఆదాయం చూపే షెడ్యూల్ ఇ వేస్తారు, వెయ్యాలి కూడా. అక్కడ అద్దె చూపించి ఇక్కడ ఆస్తి సున్నా అంటే రెండు కాగితాలు ఒకదాన్నొకటి పట్టిస్తాయి. అలా పొంతన లేనప్పుడు తేల్చకుండా వదిలేయడానికి కాలేజీకి వీల్లేదు. ఇండియాలో వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకుంటారు చాలామంది. ఇక్కడ ఉంది. ఆసామిగారూ, కౌలు నాన్నగారే తీసుకుంటున్నా పాస్‌బుక్ మీ పేరున ఉంది కాబట్టి దాని సంగతి ట్యాక్స్ చూసే సీపీఏని అడగండి.

గుంటూరు_టు_గార్లాండ్:
ఎందుకొచ్చిన గొడవ, సంతకం పెట్టే ముందే తమ్ముడి పేరున రాసేస్తే పోదా? ఆస్తుల విలువ సంతకం పెట్టిన రోజుది కదా అడిగేది. ఇంకో మాట, ఈమధ్య కుటుంబ వ్యవసాయ భూమిని లెక్కలోంచి తీసేశారని విన్నాను.

లెక్కల_పంతులు:
తీసేసింది 2026-27 ఫారం నుంచి, అదీ కుటుంబం కాపురం ఉంటున్న పొలాన్ని. మీరుండేది టెక్సాస్‌లో కదండీ.

నిజంగా ఇచ్చేస్తే ఇచ్చేయండి, తప్పేం లేదు. ఇక్కడ స్థిరపడ్డవాళ్లయితే ఏడాది మినహాయింపు దాటిన బహుమతికి గిఫ్ట్ ట్యాక్స్ ఫారం 709 వెయ్యాలి. 2025కి ఆ మినహాయింపు 19 వేలు. నాలుగేళ్లయ్యాక తిరిగి రాసిస్తాడులే అన్న లోపాయికారీ ఒప్పందంతో ఇస్తే అది ఇచ్చినట్టు కాదు.

ఆస్టిన్_అన్న:
పైగా తమ్ముడు తిరిగి రాసిస్తాడని ఎవరు చెప్పారు 😀 అప్పుడు కాలేజీ ఫీజుకి తోడు వకీలు ఫీజు.

బోస్టన్_బాబాయి:
అందరూ ఫాఫ్సా చుట్టే తిరుగుతున్నారు. అసలు దెబ్బ తగిలేది ఫాఫ్సాతో పాటు సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు కూడా అడిగే ప్రైవేటు కాలేజీల్లో. అక్కడ ఉంటున్న ఇంటి విలువ కూడా అడుగుతారు, కాబట్టి ఆస్టిన్ గారి వీధిలో పెద్దమనిషి కూడా దొరుకుతాడు. మిగతా స్థిరాస్తి ఏ సంవత్సరం వచ్చింది, అప్పుడెంత, ఇప్పుడెంత, అప్పెంత, అన్నీ రాయాలి. 2 లక్షల డాలర్ల లోపు ఆదాయమైతే ట్యూషన్ ఉచితం అని 2025లో మొదలైన పథకం గురించి ఎంఐటీ చెప్పినప్పుడు "సాధారణ స్థాయి ఆస్తులుంటే" అన్న మాట కూడా ఉంది. మనవాళ్లు 2 లక్షలు అన్నంతవరకే చదువుతారు.

మావాడి విషయంలో నేను పొలం చూపించాను. ప్రొఫైల్‌లో ప్రత్యేక పరిస్థితులు రాసుకోవడానికి చోటుంటుంది, ఫాఫ్సాలో ఉండదు. పొలం మీద నాకు ఆదాయం రాదని, నాన్న జీవనాధారం అదేనని, అన్నదమ్ముల వాటాలు ఇవీ అని రాసి, పాస్‌బుక్ మొదటి పేజీ ఇంగ్లిషులో రాయించి జతచేశాను. వారం తిరక్కుండా ఎయిడ్ ఆఫీసు నుంచి ఫోన్. "భూమి మీదైతే మీ నాన్నగారు అద్దె ఎందుకివ్వట్లేదు?" అని అడిగిందావిడ, పాపం మామూలుగానే అడిగింది. నాన్న నాకు అద్దె ఇవ్వడమేంటో నాకే అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. ఎలాగో చెప్పాను. మొత్తం తీసెయ్యలేదు గానీ విలువ సగానికి తగ్గించి లెక్క వేశారు, గ్రాంటు కొంత పెరిగింది. వేరే కాలేజీ ఏమాత్రం కదల్లేదు, మా పాలసీ ఇంతే అంది. అంటే గ్యారంటీ లేదు. సున్నా వేసి ఉంటే మాత్రం ఈ మాట అడిగే హక్కు కూడా ఉండేది కాదు.

ఎకరంన్నర_ఆసామి:
చాలా థాంక్సండీ. సున్నా వెయ్యను, అది తేలిపోయింది. ఇప్పుడు ఏ ధర వెయ్యాలన్నదే సమస్య. రిజిస్ట్రేషన్ విలువ చూస్తే బయట పలికేదాంట్లో మూడో వంతు కూడా లేదు. ఇంకోటి, పొలంలో అరెకరం మీద మా పెదనాన్న కొడుకులు కేసు వేశారు, అది కోర్టులో ఉంది.

లెక్కల_పంతులు:
ఫారం అడిగేది సంతకం రోజు అమ్మితే వచ్చే ధర, అందులోంచి ఆ భూమి మీదున్న అప్పు తీసేసి. రిజిస్ట్రేషన్ విలువ కాదు. అలాగని రియల్ ఎస్టేట్ బ్రోకర్ చెప్పే ధర వేసి మీ నెత్తిన మీరే చెయ్యి పెట్టుకోకండి. రోడ్డు బిట్టు ధర వేరు, లోపలి పొలం ధర వేరు. పక్క సర్వే నంబర్లలో ఈ ఏడాది నిజంగా ఎంతకి చేతులు మారిందో కనుక్కుని, ఆ లెక్క ఒక కాగితం మీద రాసి దాచుకోండి, రేపెవరైనా అడిగితే చూపించడానికి.

కోర్టులో ఉన్న అరెకరం ఎవరిదో తేలేదాకా దాన్ని కలపక్కర్లేదు. కేసు నంబరు మాత్రం దగ్గర పెట్టుకోండి. ఉమ్మడిదైతే మీ వాటా వరకే. పసుపు కుంకుమ స్థలం మీ ఆవిడదే కదా అని వదిలెయ్యకండి, కలిసి ఉంటున్న తల్లిదండ్రులిద్దరిదీ కలిపే అడుగుతారు. ఆవిడ ఒంటిమీది నగలు అడగరు.

డెట్రాయిట్_అత్తయ్య:
మెరిట్ స్కాలర్‌షిప్‌లకి కూడా పెట్టించండి బాబూ. వాటిలో చాలావాటికి పొలమూ పుట్రా అక్కర్లేదు, అమ్మాయి మార్కులే చాలు.

ఆస్టిన్_అన్న:
మీరంతా కలిసి మనవాణ్ని మంచివాణ్ని చేశారు, సంతోషం. నా మాట మాత్రం మారదు. 401కె ఉన్నవాడిని అడగని ఫారం ఎకరంన్నర ఉన్నవాడిని అడగడం పక్షపాతమే. మా పెద్దాడికి మూడేళ్ల టైముంది, ఈలోగా నేనూ ఉన్నదంతా 401కెలోకి తోస్తాను.

లెక్కల_పంతులు:
తొయ్యండి, అది నిక్షేపంగా చట్టబద్ధం. ఒక్కటి చూసుకోండి. ఫాఫ్సా చూసేది రెండేళ్ల వెనకటి ఆదాయం. మీవాడు చేరే ఏడాదికి లెక్కలోకి వచ్చే రిటర్న్ ఏదో ఇప్పుడే చూసిపెట్టుకుంటే మంచిది.