గడియారం సెంటర్‌లో యుద్ధ ఫొటోల ప్రదర్శన: ఏవి పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి?

నల్లగొండ చదువరి (ప్రశ్న)

నల్లగొండలో మేము కొందరం కలిసి ఒక చిన్న పాఠక బృందాన్ని నడుపుతున్నాము. వచ్చే నెలలో గడియారం సెంటర్ దగ్గర శాంతి సభ జరపాలని, దానితోపాటు గాజా, ఉక్రెయిన్, సూడాన్ యుద్ధాల ఫొటోలను ఫ్లెక్సీలుగా వేయించి ప్రదర్శించాలని నిర్ణయించుకున్నాము. సభ విషయంలో అందరిదీ ఒకే మాట. ఫొటోల ఎంపిక దగ్గరికి వచ్చేసరికి గట్టి భేదాభిప్రాయం వచ్చింది.

మా దగ్గర ఉన్న ఫొటోలలో ఎక్కువ భాగం వాట్సాప్ ద్వారా చేరినవే. వాటిని ఎవరు తీశారో, ఏ ఊళ్ళో తీశారో, ఎప్పుడు తీశారో మాకు తెలియదు. వాటిలో ఒకటి, చనిపోయిన బిడ్డను ఒడిలో పెట్టుకొని ఏడుస్తున్న తల్లి ఫొటో. బిడ్డ ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. దానినే అన్నిటికంటే పెద్ద ఫ్లెక్సీగా వేయించాలని, అది చేసే పని పది ఉపన్యాసాలు చేయలేవని బృందంలో సగం మంది అంటున్నారు. బడిపిల్లలు, బస్సు ప్రయాణికులు నడిచే దారిలో శవాల ఫొటోలు కట్టడం తగదని మిగతావారు అంటున్నారు.

చూపించకపోతే ఆ మరణాలను కప్పిపుచ్చే వాళ్ళకు సాయం చేసినట్లవుతుందని నాకు అనిపిస్తుంది. చూపించాలంటే, ఆ తల్లి మన ఊరి మనిషే అయి ఉంటే ఆమె బిడ్డ శవాన్ని ఇలా నడిబజారులో కట్టేవాళ్ళమా అన్న ప్రశ్న నన్ను నిలబడనివ్వడం లేదు. ఈ పని చేసినవారు, ఆలోచించినవారు దయచేసి చెప్పండి.

పాలమూరు కెమెరా

నమస్కారం సార్. నేను మహబూబ్‌నగర్‌లో చాలాకాలం పత్రికలకు ఫొటోలు తీశాను. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు తీశారు అన్న మూడింటిలో ఒక్కటైనా తెలియని ఫొటోను ప్రదర్శనలో పెట్టకండి. ఇందులో సున్నితత్వం మాట తర్వాత, ముందు నిజం మాట ఉంది. ఆర్మా 3 అనే వీడియో గేమ్‌లోని దృశ్యాలు 2022లో ఉక్రెయిన్ యుద్ధం పేరుతో తిరిగాయి, 2025 మే నెలలో భారత్–పాకిస్తాన్ ఘర్షణ సమయంలోనూ తిరిగాయి. ఒక దేశం శవాలు మరో దేశం పేరుతో తిరగడం అంతకంటే పాత సంగతి. మీ ఫ్లెక్సీలలో ఒక్కటి అబద్ధమని తేలినా, మిగతా నిజమైన ఫొటోలను కూడా జనం నమ్మరు. ఆ నష్టం చివరకు చనిపోయినవారికే జరుగుతుంది.

ఇక చూపించవచ్చా అన్న ప్రశ్న. ఈ చర్చలో అందరూ వియత్నాం ఫొటోను ఉదాహరణగా తెస్తారు. 1972 జూన్ 8న ట్రాంగ్ బాంగ్ దగ్గర నాపామ్ అనే మంటల బాంబుకు ఒళ్ళు కాలి, బట్టలు లేకుండా రోడ్డు మీద పరుగెత్తిన తొమ్మిదేళ్ళ కిమ్ ఫుక్ ఫొటో అది. నగ్నంగా ఉన్న పాప ఫొటోను పంపాలా వద్దా అని అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) అనే అమెరికా వార్తాసంస్థ సైగాన్ కార్యాలయంలోనే వాదన జరిగింది. చివరకు పంపారు, మరుసటి ఏడాది దానికి అమెరికాలో పేరున్న పాత్రికేయ బహుమతి పులిట్జర్ వచ్చింది. 2016లో ఫేస్‌బుక్ దానిని తొలగించి, నార్వేలోని ఒక పత్రిక సంపాదకుడు బహిరంగ లేఖ రాసిన తర్వాత మళ్ళీ అనుమతించింది. చాలామంది కథను ఇక్కడే ఆపేస్తారు. చిన్నతనంలో ఆ ఫొటో అంటే తనకు ద్వేషం ఉండేదని, తాను ఎప్పటికీ ఆ ఫొటోలోని పిల్లగానే మిగిలిపోకూడదని కిమ్ ఫుక్ తరువాతి కాలంలో స్వయంగా రాశారు. ప్రచురించడం సరైన పనేనని నా అభిప్రాయం, అయితే దానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆ పిల్లే. అంత ప్రసిద్ధమైన ఫొటోకు కూడా, తీసింది నిజంగా ఎవరన్న వివాదం రేగి, 2025లో వరల్డ్ ప్రెస్ ఫొటో సంస్థ ఛాయాచిత్రకారుడి పేరును పక్కన పెట్టింది. ఏపీ మాత్రం ఆయన పేరునే కొనసాగించింది. ఇక వాట్సాప్‌లో చేతులు మారిన ఫొటో మీద మీరు ఏ పేరు వేస్తారు?

మర్రిగూడ టీచరమ్మ

చదువరి గారూ, నేను మర్రిగూడ మండలంలో ఉపాధ్యాయురాలిగా పనిచేశాను. యుద్ధాల గురించి నాకు తెలిసింది తక్కువే. ఫొటోకు ఎక్కిన మనుషులు ఆ తర్వాత ఎలా బతుకుతారో మాత్రం దగ్గరగా చూశాను.

ఫ్లోరైడ్ నీళ్ళతో కాళ్ళు వంకరపోయిన మన పిల్లల ఫొటోలు ఎన్ని పత్రికలలో, ఎన్ని సభలలో, ఎన్ని నివేదికల అట్టల మీద వచ్చాయో మీకు తెలియనిది కాదు. ఆ ఫొటోలు అవసరం లేదని నేను ఎన్నడూ అనను. అంకెలు చెప్పినప్పుడు కదలని అధికారులు ఆ కాళ్ళను చూసి కదిలారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేసింది కూడా మన నీళ్ళ గోస దేశమంతా చూడాలనే. చూపించడం మన జిల్లా ఎంచుకున్న మార్గమే. అయితే ఆ మార్గాన్ని మనవాళ్ళే ఎంచుకున్నారు, తమ గోసను తామే ఢిల్లీ దాకా మోసుకుపోయారు.

దానికి భిన్నంగా జరిగింది కూడా ఉంది. కారు దిగి, పిల్లవాడిని గోడ పక్కన నిలబెట్టి, లాగు పైకి మడవమని చెప్పి, నాలుగు ఫొటోలు తీసుకొని, పేరు కూడా అడగకుండా వెళ్ళిపోయినవారు ఉన్నారు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడైనా అదే ఫొటో ప్రతి ఏడాదీ అచ్చవుతూనే ఉంటుంది. పెళ్ళి సంబంధం వచ్చినవారు ఫోన్‌లో అదే చూస్తారు. నా దగ్గర చదివిన ఒక అబ్బాయి నన్ను అడిగాడు: "మేడమ్, నీళ్ళు వచ్చినయి గదా, మరి నా ఫొటో ఎప్పుడు తీసేస్తరు?" నేను అతనికి ఏమీ చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ ఫొటో ఎక్కడెక్కడ ఉందో ఎవరికీ తెలియదు.

అందువల్ల మీరు అడిగిన తల్లి ఫొటో విషయంలో నా మాట ఇది. ఫొటో తీసినప్పుడు ఆమె ఒప్పుకుందా? బిడ్డను పోగొట్టుకున్న ఆ క్షణంలో ఒప్పుకొనే స్థితి ఆమెకు ఉందా? ఫొటో తీసినవారి పేరు తెలిస్తే, ఆమెతో వారు మాట్లాడారా లేదా అన్నది అనేక సందర్భాలలో ఫొటో కింది వివరాలను బట్టే తెలుస్తుంది. ఆమె పేరు, ఊరు, బిడ్డ పేరు, వయసు ఉన్నాయంటే ఎవరో ఆమె పక్కన కూర్చొని అడిగి రాసుకున్నారని అర్థం. అలాంటి ఫొటో పెట్టండి, పేర్లతో సహా పెట్టండి. ఏ వివరమూ లేకుండా ఏడుపు ఒక్కటే ఉన్న ఫొటో అయితే, ఆమె తరఫున ఒప్పుకొనే హక్కు నల్లగొండలో ఎవరికీ లేదు.

మక్తల్ వదిన

టీచరమ్మ గారి మాటకు ఒక్కటే కలుపుతాను. మా ఇంటి మనిషి ఖతార్‌లో పనిచేస్తున్నాడు. 2025 జూన్ 23 రాత్రి అక్కడ ఉన్న అమెరికా సైనిక స్థావరం అల్ ఉదైద్ మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించినప్పుడు, మా బంధువుల గ్రూపులో ఎక్కడివో తగలబడిన భవనాల ఫొటోలు, కాలిన శరీరాల ఫొటోలు దోహావని చెప్పి వరుసగా వచ్చాయి. మా అత్తమ్మ ఒక్కొక్క ఫొటోను పెద్దదిగా చేసి కొడుకు చొక్కా రంగు వెతికింది. అతను ఫోన్ చేసేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు. గల్ఫ్‌కు మనుషులను పంపిన ఊళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. ఫ్లెక్సీల సంగతి మీరు తేల్చుకోండి గానీ, గ్రూపులలోకి మాత్రం శవాల ఫొటోలు పంపవద్దని మీ సభలో గట్టిగా చెప్పండి సార్.

దేవరకొండ యువకుడు

పెద్దలందరి మీద గౌరవంతోనే నేను విభేదిస్తున్నాను. గౌరవం, అనుమతి, సున్నితత్వం అనే మాటలన్నీ చివరకు చంపినవాళ్ళకు అనుకూలంగా మారడం నేను చూస్తున్నాను. 2023 అక్టోబర్ తర్వాత గాజాలోకి విదేశీ పాత్రికేయులను స్వతంత్రంగా వెళ్ళనివ్వలేదు. అక్కడి నుంచి మనకు చేరే ఫొటోలు దాదాపు అన్నీ తమ ఇళ్ళు కూలిపోతుండగా, తమవారు చనిపోతుండగా స్థానిక పాత్రికేయులు తీసినవే. వారిలో 150 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఫొటో తీసినవాడు చూడమని ప్రాణం పెడితే, మనం చూడలేమని మసకబారుస్తామా?

1955లో అమెరికాలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి బాలుడిని చిత్రహింసలు పెట్టి చంపినప్పుడు, అతని తల్లి షికాగోలో శవపేటికను తెరిచే ఉంచాలని పట్టుబట్టింది. గుర్తుపట్టలేనంతగా చెదిరిన ఆ ముఖం ఫొటోను జెట్ పత్రిక అచ్చువేసింది. ఆనాడు ఎవరైనా మర్యాద పేరుతో ఆ ముఖాన్ని మసకబార్చి ఉంటే, ఆ తల్లి చేసిన పోరాటానికి అన్యాయం జరిగేది. 2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు బయటికి రాకపోయి ఉంటే, అక్కడి హింసను ప్రపంచం నమ్మేదా?

టీచరమ్మ గారూ, మీరు చెప్పిన అబ్బాయి బాధ నిజం. అయితే అడిగే దారి ఉన్నచోటి నియమాన్ని, అడిగే దారినే బాంబులు మూసేసిన చోట పెడితే ఆ తల్లుల ఏడుపు ఎప్పటికీ ఎవరికీ వినపడదు.

మర్రిగూడ టీచరమ్మ

తమ్ముడూ, నువ్వు చెప్పిన ఉదాహరణలో నిర్ణయం తీసుకున్నది తల్లి. పేటిక తెరిచింది ఆమె, పత్రికవాళ్ళను రానిచ్చింది ఆమె. నేను అడుగుతున్నదీ అదే. దారి మూసుకుపోయిన చోట ఏమి చేయాలన్న నీ ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. తల్లి ముఖం చూపి బిడ్డ ముఖం ఆపుదామా, చేతులు మాత్రమే చూపుదామా అని ఆలోచిస్తున్నాను. కూలిన ఇల్లు, బడి సంచి, ఆసుపత్రి నేల, వీటిని చూపడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

నడిగడ్డ వకీలు

మీ చర్చలో రెండు పనులు కలిసిపోతున్నాయి కాబట్టి రాస్తున్నాను. సాక్ష్యాన్ని కాపాడడం ఒకటి, పదిమందికి పంచడం మరొకటి. సిరియా సైన్యంలో శవాల ఫొటోలు తీసే ఉద్యోగి ఒకరు 2013లో యాభై వేలకు పైగా ఫొటోలతో దేశం దాటివచ్చారు. ప్రపంచం ఆయనను సీజర్ అనే మారుపేరుతో ఎరుగును. ఆ ఫొటోలు జర్మనీలోని కోబ్లెంజ్ న్యాయస్థానంలో సాక్ష్యంగా నిలిచాయి. 2022 జనవరిలో సిరియా మాజీ నిఘా అధికారి అన్వర్ రస్లాన్‌కు అక్కడ యావజ్జీవ శిక్ష పడింది. ఆ ఫొటోలకు బలం వచ్చింది ప్రతి శవం మీదా ఉన్న సంఖ్య వల్ల, తేదీ వల్ల, అవి ఒక క్రమంలో భద్రంగా ఉండడం వల్ల. వెయ్యి గ్రూపులలో తిరగడం వల్ల కాదు.

మరోవైపు, 2017లో యూట్యూబ్ హింసాత్మకమైనవని యంత్రాల చేత ఏరించినప్పుడు సిరియా యుద్ధ వీడియోలు పెద్ద సంఖ్యలో తొలగిపోయాయి. దేవరకొండ తమ్ముడి భయానికి ఆధారం ఉందని నేను ఒప్పుకుంటాను. కనుక మీకు ఎవరైనా అక్కడి నుంచి నేరుగా ఫొటో పంపితే చెరిపేయకండి, కత్తిరించకండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే తీసిన సమయం, స్థలం వంటి వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. ఆ వివరాలే శత్రువుకు దొరికితే ఫొటో తీసినవాడి ఇల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. అందువల్ల దాచేటప్పుడు మూల ప్రతి కావాలి, బయట చూపేటప్పుడు ఆ వివరాలు తీసివేసిన ప్రతి కావాలి.

యుద్ధ ఖైదీల ఫొటోలు మాత్రం అసలు పెట్టవద్దు. వారిని అవమానం నుంచి, జనం వేడుక చూపుల నుంచి కాపాడాలని 1949 నాటి మూడవ జెనీవా ఒప్పందం 13వ అధికరణం చెబుతుంది. 2019 ఫిబ్రవరిలో వింగ్ కమాండర్ అభినందన్ గారిని కళ్ళకు గంతలతో చూపినప్పుడు మన ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని ఉటంకిస్తూనే అభ్యంతరం చెప్పింది. ఆనాడు మనకు కోపం వచ్చింది గనుక, పట్టుబడిన రష్యా సైనికుడి ముఖానికైనా, ఉక్రెయిన్ సైనికుడి ముఖానికైనా అదే న్యాయం వర్తింపజేయాలి.

నల్లగొండ చదువరి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం మీ మాటలన్నీ బృందంలో చదివి వినిపించాను. తీసినవారి పేరు, స్థలం, తేదీ దొరికిన ఫొటోలే ఫ్లెక్సీలుగా వేయిస్తాము, ఆ వివరాలను దూరానికి కూడా కనిపించే అక్షరాలలో రాయిస్తాము. వీధి వైపు కూలిన ఇళ్ళు, ఆసుపత్రులు, అన్నం కోసం నిలబడిన వరుసలు ఉంటాయి. మృతుల ఫొటోలను పక్కనున్న హాలులో తెర లోపల పెట్టి, ఏమి ఉందో బయటే రాసి, చూడాలనుకున్న పెద్దలను మాత్రమే లోపలికి పంపాలని అనుకుంటున్నాము. ఖైదీల ఫొటోలు తీసేశాము. గ్రూపులకు పంపవద్దన్న మక్తల్ వదిన గారి మాటను సభలో మొదటే చెబుతాము. తల్లీబిడ్డల ఫొటో మూలం మాకు ఇంకా దొరకలేదు, అందువల్ల ప్రస్తుతానికి దానిని పక్కన పెట్టాము.

దేవరకొండ యువకుడు

తెర లోపల పెట్టడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు సార్. ఆ మరణాలు వీధిలోనే జరిగాయి. అయినా మీ నిర్ణయానికి కట్టుబడతాను. తల్లీబిడ్డల ఫొటో మూలం నేను వెతుకుతాను. మీ దగ్గర ఉన్న అన్నిటికంటే పెద్ద సైజు ప్రతిని డాక్యుమెంట్‌గా పంపండి. ఎవరి కెమెరాలోంచి వచ్చిందో, కింద ఏమి రాశారో తెలిస్తే ఇక్కడే చెబుతాను. తల్లి పేరు ఉంటే టీచరమ్మ గారు కూడా ఒప్పుకుంటారని ఆశిస్తున్నాను.