కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకి స్టెంట్ వేయించిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

వెన్నెల_దారి:
నాన్నగారికి షుగర్ వల్ల కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయి, క్రియాటినిన్ (రక్తంలో పేరుకునే వ్యర్థం) 2.6, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 26. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని చూపిస్తే గుండె డాక్టర్ యాంజియోగ్రామ్ చేసి, అవసరమైతే స్టెంట్ వేద్దామన్నారు. కిడ్నీ డాక్టరేమో అందులో రక్తనాళాలు కనపడటానికి ఎక్కించే డై వల్ల ఉన్న కిడ్నీ కూడా పోవచ్చు, తొందరపడొద్దంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

తీరం_గాలి:
ఇది హార్ట్ ఎటాకా, లేక మెల్లగా పెరుగుతున్న ఆయాసమా, ముందు అది తేల్చుకోండి. మా అమ్మకి ఎటాకే వచ్చింది. అప్పుడు కిడ్నీ సంగతి తర్వాత చూద్దామని వెంటనే యాంజియోప్లాస్టీ (బెలూన్‌తో నాళం తెరవడం) చేశారు, అలాంటప్పుడు ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. తర్వాత క్రియాటినిన్ పెరిగింది. మంచం పక్కన కూర్చుని మూత్రం సంచిలో మట్టం ఏ గీత దాకా వచ్చిందా అని చూస్తూనే ఉండేదాన్ని. మెల్లగా దిగింది, డయాలసిస్ దాకా వెళ్లలేదు. డై ప్రభావం సాధారణంగా రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది కాబట్టి డిశ్చార్జ్ అయ్యాక కూడా రక్తపరీక్ష తప్పకుండా చేయించండి.

పాత_రేడియో:
ఎటాక్ కాకపోతే మాత్రం లెక్క వేరు. 2020లో ఇస్కీమియా-సీకేడీ అని ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువ ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు కలిపి 777 మంది, అందరికీ గుండెకి రక్తం సరిగ్గా అందట్లేదని పరీక్షల్లో తేలినవాళ్లే. సగం మందికి ముందే యాంజియోగ్రామ్ చేసి అవసరమైతే స్టెంటో బైపాసో చేశారు, మిగతా సగానికి ముందు మందులతోనే నడిపించారు. మూడేళ్లకి మరణం లేదా హార్ట్ ఎటాక్ అటు 36.4 శాతం, ఇటు 36.7 శాతం, అంటే తేడా లేనట్టే. పైగా ముందే ప్రొసీజర్‌కి వెళ్లిన వాళ్లలో పక్షవాతం ఎక్కువ కనిపించింది. అయితే మందులకి లొంగని ఛాతీ నొప్పి ఉన్నవాళ్లని, గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్లని అందులో తీసుకోలేదు, కాబట్టి నాన్నగారి ఎకో (గుండె స్కాన్) రిపోర్ట్ చూడకుండా ఇది ఆయనకి వర్తిస్తుందని అనుకోకండి.

నీలిమేఘం_7:
నేను క్యాథ్‌ల్యాబ్‌లో (యాంజియోగ్రామ్‌లు చేసే చోట) టెక్నీషియన్‌ని. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల రక్తనాళాల్లో కాల్షియం గట్టిగా పేరుకుని ఉంటుంది. ఒక్కోసారి బెలూన్ ఎంత ఒత్తిడి పెట్టినా నాళం తెరుచుకోదు, స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోతే అది మళ్లీ మూసుకుపోయే అవకాశం ఎక్కువ. రక్తం పలచబడే మందులు రెండు వాడాలి కదా, వీళ్లకి రక్తస్రావం ముప్పు కూడా ఎక్కువే. చేయించాలనే అనుకుంటే డై ఎంత తక్కువలో ముగించగలరో అడగండి, ఐవస్ (నాళం లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్) వాడితే చాలా వరకు తగ్గించవచ్చు. సెలైన్ ముందూ వెనకా ఎక్కిస్తారు, కానీ గుండె బలహీనంగా ఉంటే అదే ఊపిరితిత్తుల్లో చేరుతుంది, కొలత చూసుకోవాలి. ఇంకో మాట, రేపు డయాలసిస్‌కి చేతిలో ఫిస్టులా (ధమనినీ సిరనీ కలిపే దారి) పెట్టాల్సి రావచ్చు, దానికి చేతి నాళాలు బాగుండాలి, కాబట్టి మణికట్టు నుంచి చేయాలా తొడ నుంచి చేయాలా అన్నది ముందే మాట్లాడుకోండి. చాలామంది ఈ సంగతి అడగనే అడగరు!

చిరుజల్లు:
డై ఇచ్చే ముందు కిడ్నీకి రక్షణ అని ఎసిటైల్‌సిస్టీన్ మాత్రలు ఇస్తే వాటి మీద భరోసా పెట్టుకోకండి. 2018లో దాదాపు 5 వేల మందిపై చేసిన ప్రిజర్వ్ అధ్యయనంలో వాటి వల్ల ఉపయోగం కనపడలేదు. ఒళ్లునొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడుతుంటే ముందు వాటిని ఆపించండి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి, ఈ ఈజీఎఫ్ఆర్‌కి అసలు వాడకూడదు.

వెన్నెల_దారి:
అందరికీ చాలా థాంక్స్ అండి. ఎకోలో పంపింగ్ బాగానే ఉందన్నారు, ఛాతీ నొప్పి లేదు. ఇద్దరు డాక్టర్లనీ ఒకరితో ఒకరు ఫోన్లో మాట్లాడమని అడిగాం, ఒప్పుకున్నారు. మాట్లాడుకుని, రక్తహీనతకి ఇంజెక్షన్, బీపీ మందుల్లో మార్పు, కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ ఇలా ముందు మందులతోనే చూద్దాం, ఆయాసం తగ్గకపోతే అప్పుడు తక్కువ డైతో యాంజియోగ్రామ్ అన్నారు. హిమోగ్లోబిన్ కూడా బాగా తక్కువుందట, ఆయాసంలో దాని పాత్ర కూడా ఉండొచ్చన్నారు. ఫిస్టులా గురించి అడిగితే, ఎడమచేతి నుంచి రక్తం తీయనివ్వొద్దని ఫైలు మీదే రాసిచ్చారు.