వయసు గడిలో 3 అంటే మూడేళ్లు కాదట! రింగింగ్, దీపం పురుగుల సందేహాలు

రెల్లుపువ్వు:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ ఆగ్నేయ తీరంలో, సముద్రానికీ రెల్లు మడుగులకీ మధ్య ఉన్న ఒక రిజర్వుకి ఈ జూన్ నుంచి వాలంటీరుగా వెళ్తున్నాను. పిట్టల్ని ముట్టుకోనివ్వరు, దానికి పర్మిట్ ఉండాలి. నాది గుమాస్తా పని. రింగర్, అంటే వలలో పడ్డ పిట్ట కాలికి నంబరున్న రింగు వేసి వదిలే ఆయన, చెబుతుంటే రింగు నంబరు, జాతి, వయసు, ఆడా మగా, రెక్క పొడవు, బరువు రాసుకోవడమే.

మొన్న శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకే వలలు తెరిచారు. మొదటి గుడ్డ సంచిలోంచి రీడ్ వార్బ్లర్ అనే చిన్న రెల్లు పిట్టని తీసి, "వయసు 3జె" అన్నారు. తర్వాతది ఈకలన్నీ అరిగిపోయి దిగాలుగా ఉంది. "4" అన్నారు. నేను మూడేళ్లు, నాలుగేళ్లు అనుకుని, ప్రతి అంకె పక్కనా బుద్ధిగా "సం." అని కూడా చేర్చాను. పన్నెండు పిట్టలయ్యాక ఆయన పుస్తకంలోకి తొంగి చూసి, నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయారు. 3జె అంటే నిన్నగాక మొన్న గూడు దిగిన పిల్లట! ఇంకేమైనా అడుగుదామంటే అప్పటికే మళ్లీ వలల దగ్గరికి వెళ్లే టైమైంది.

కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. ఆ అంకెల లెక్కేమిటి? చేతిలో పట్టుకుని చూస్తే వయసెలా తెలుస్తుంది? వలసలేవీ లేని నడివేసవిలో ఈ రింగులెందుకు?

ఇంకొకటి. అక్కడే రాత్రిపూట లైట్ ట్రాప్ కూడా పెడతారు, దీపం వెలుగుకి వచ్చే మాత్‌లని (సీతాకోకచిలుకల్లాంటి రాత్రి పురుగుల్ని) పట్టి లెక్కపెట్టే పెట్టె. పొద్దున్నే, పురుగులు దాక్కోవడానికి లోపల పెట్టిన గుడ్ల అట్ట ట్రే తిప్పితే విరిగిన పుల్లముక్క కనిపించింది. తీసి పారేయబోతే కాళ్లు కదిపింది! అదేమై ఉంటుంది? ఆ మర్నాడు మేం టీ పోసుకుని వచ్చేలోగా ఒక రాబిన్ పిట్ట ట్రాప్ అంచు మీద కూర్చుని నాలుగైదు పురుగుల్ని మింగేసింది. దాన్ని ఆపే మార్గముందా? అన్నట్టు, మాత్‌ని తెలుగులో ఏమనాలి? చిమ్మట అంటే మా అమ్మకి బట్టలు కొట్టే పురుగే గుర్తొస్తుంది.

పొద్దుపొడుపు:
నవ్వినందుకు ఆయన మీద కోపం పెట్టుకోకండి. మేమందరం ఏదో ఒక తప్పు చేసే నేర్చుకున్నాం. పదకొండేళ్లుగా రింగులు వేస్తున్నా, చలికి వేళ్లు కొంకర్లు పోయిన రోజున ఇప్పటికీ పొరపాట్లు చేస్తుంటాను.

అవి వయసులు కావండీ, యూరప్ అంతటా వాడే కోడ్‌లు. 1 అంటే ఇంకా ఎగరలేని పిల్ల. 2 అంటే ఎగరడం వచ్చిందే గానీ ఏ ఏడాది పుట్టిందో ఏమీ చెప్పలేం. 3 అంటే ఈ క్యాలెండర్ ఏడాదిలో పుట్టినది, పక్కన జె ఉంటే ఒంటి మీద ఇంకా మొదటి ఈకలే ఉన్నాయని. 4 అంటే ఈ ఏడాది పుట్టింది కాదు, అంతకుముందు ఎప్పుడన్నది తెలీదు. 5 కచ్చితంగా నిరుడు పుట్టింది, 6 అంతకంటే ముందుది. తమాషా ఏమిటంటే డిసెంబరు 31 రాత్రి దాటగానే 3 కాస్తా 5 అయిపోతుంది, 4 వెళ్లి 6 అవుతుంది.

రీడ్ వార్బ్లర్ వయసు చెప్పడం జూలైలో తేలికే. పెద్దవి రెక్క ఈకల్ని ఆఫ్రికా వెళ్లాకే మార్చుకుంటాయి, అందుకే ఇప్పుడు వాటి అంచులు పాత చీపురులా ఉంటాయి. పిల్లవి కొత్త నోటులా నున్నగా ఉంటాయి. అనుమానమొస్తే నోట్లో చూడండి, పిల్లల నాలుక మీద రెండు నల్లచుక్కలుంటాయి. ఇక పొట్ట మీద ఈకల్ని మెల్లగా ఊదుతారు చూశారా? పొదిగే ఆడపిట్టకి అక్కడ ఈకలు రాలిపోయి, చర్మం ముడతలు పడి, నరాలు తేలి ఉంటుంది. గుడ్లకి ఒంటి వేడి నేరుగా తగలడానికి. అదే ఊపులో గొంతు కింద గుంటలో పసుపురంగు కొవ్వెంత ఉందో కూడా చూస్తాం. సెడ్జ్ వార్బ్లర్ అయితే ప్రయాణం ముందు మేసి మేసి దాదాపు రెట్టింపు బరువెక్కుతుంది.

వేసవిలో ఎందుకన్నారు. అసలు సంగతి వేసవిలోనే ఉంది. బ్రిటన్‌లో 1983 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. మే నుంచి ఆగస్టు దాకా పన్నెండు సార్లు, అవే చోట్ల, అంతే పొడవు వలలు, అన్నే గంటలు. శ్రమ మారదు కాబట్టి, మారేది పిట్టల సంఖ్యే. పెద్దవాటితో పోలిస్తే పిల్లలెన్ని పడ్డాయన్నది చూస్తే ఆ ఏడు పిల్లలు బాగా ఎదిగొచ్చాయా లేదా తెలుస్తుంది. నిరుటి పెద్దవి ఎన్ని మళ్లీ పడ్డాయన్నది చూస్తే ఎన్ని బతికి వచ్చాయో అంచనాకొస్తుంది. ఏదో దూరదేశం నుంచి మన రింగు దొరికిందని కబురొస్తే సంతోషమే, కానీ చిన్న పిట్టల్లో అలా కబురొచ్చేవి నూటికి ఒకటి కూడా ఉండవు. సహారా అవతలికి వెళ్లి, తిరిగొచ్చి, నిరుడు పడ్డ వలలోనే, అదే అరలో వేలాడుతున్న పిట్టని చూసిన రోజున నాకు టీ కూడా గుర్తురాలేదు.

దీపంపురుగు:
రెల్లుపువ్వు గారూ, మీరు పారేయబోయిన పుల్ల బఫ్‌టిప్. అదీ ఒక మాతే, రెక్కలు ఒంటికి చుట్టుకుని కూర్చుంటుంది. తల దగ్గర లేత పసుపు, రెక్కల చివర్లలో మళ్లీ అదే రంగు, మధ్యంతా వెండి బూడిద. అచ్చం బర్చ్ కొమ్మ రెండువైపులా విరిగినట్టే. నేనూ ఒకసారి దాన్ని చెత్తనుకుని ఉఫ్ అని ఊదాను.

రాబిన్‌ని ఆపలేం, అది మనకంటే ముందే లేస్తుంది. చీకటుండగానే లేచి లైటు ఆర్పి, ట్రాప్ మీద దుప్పటి కప్పండి. లెక్కయ్యాక పురుగుల్ని గడ్డి మీద దులపకండి, దట్టమైన పొదల్లో, రోజుకో చోట వదలండి. లేకపోతే పిట్టలకి మీరే ఫలహారం పెట్టినట్టు. హాక్‌మాత్‌లని, అంటే ఒళ్లు లావుగా ఉండే పెద్ద మాత్‌లని, తొందరపెట్టొద్దు. పాప్లర్ హాక్‌మాత్ వేలి మీద కూర్చుని ముందు రెక్కలు వణికిస్తుంది. చలికీ కాదు, భయానికీ కాదు, కండరాలు వేడెక్కితే గానీ అది లేవలేదు.

తీరంలో ఉన్నారు కాబట్టి దక్షిణపు గాలి వీచే ఉక్క రాత్రుల్ని వదులుకోకండి. సముద్రం దాటి సిల్వర్ వై అనే మాత్ దిగుతుంది, రెక్క మీద వెండితో ఇంగ్లిషు వై అక్షరం రాసినట్టుంటుంది. పేరంటారా, నేను దీపం పురుగు అనే అంటాను. బట్టలు కొట్టే పాపం ఒకటి రెండు జాతులదైతే మొత్తం వంశానికి చిమ్మటని పేరు పెట్టడం అన్యాయం.

కొత్తకాపు:
ఒక అనుమానం, ఏమీ అనుకోకండి. పది గ్రాముల ప్రాణికి వల, సంచి, రింగు... టెన్షన్ కాదా?

పొద్దుపొడుపు:
టెన్షనే, కాదనను. అందుకే వానొచ్చినా గాలి పెరిగినా వలలు మూసేస్తాం. పిట్ట నోరు తెరిచి రొప్పుతుంటే కొలతలు మానేసి వదిలేస్తాం. రింగు బరువు దాని బరువులో నూటో వంతు కూడా ఉండదు. అయినా ఈ ప్రశ్న అడగడం మానేసిన రింగర్ దగ్గర నేనైతే పని నేర్చుకోను.

రెల్లుపువ్వు:
ఇద్దరికీ చాలా థాంక్స్. ఈ శనివారం దుప్పటి కప్పాం, పురుగులన్నీ క్షేమం. ఆరింటికి ట్రాప్ పక్క వలలో ఆ దొంగ రాబినే పడింది. కాలికి అప్పటికే రింగుంది, నిరుడు ఆగస్టులో 3జెగా వేసినది. ఆయన నా వైపు చూశారు. వయసు గడిలో నేనే 5 అని రాశాను. "సం." లేకుండా.