మహిళల ఉచిత బస్సు ప్రయాణం: అందరికీ ఇవ్వాలా, పేద కుటుంబాలకే పరిమితం చేయాలా?

సిద్దిపేట ఉపాధ్యాయుడు:

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. అప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలందరూ జీరో టికెట్‌తో ప్రయాణిస్తున్నారు. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే ప్రభుత్వోద్యోగం చేస్తూ నెలనెలా జీతం అందుకునే నా భార్య, అదే బడిలో కొద్దిపాటి గౌరవ వేతనానికి పిల్లలకు వంట చేసే ఆమె, ఇద్దరూ ఒకే బస్సులో ఒకే జీరో టికెట్‌తో వెళ్తున్నప్పుడు ప్రజాధనం చేరవలసిన చోటికే చేరుతున్నదా అన్న సందేహం కలుగుతున్నది. రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకే ఈ సదుపాయాన్ని పరిమితం చేసి, మిగిలిన సొమ్ముతో కొత్త బస్సులు కొంటే కష్టజీవులకు ఇంతకంటే ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం. కాదనుకునేవారు కారణాలతో చెప్పగలరు.

ఉప్పల్ దుకాణం ఉద్యోగిని:

మాస్టారూ, నేను కోఠిలో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తున్నాను. అంతకుముందు మా వీధి చివరి దుకాణంలోనే చేసేదాన్ని, ఎందుకంటే కోఠిలో ఎక్కువ ఇస్తారని తెలిసినా ఆ ఎక్కువలో చాలా భాగం బస్ పాసుకే పోయేది. సిటీ ఆర్డినరీ పాసు అప్పుడు నెలకు 1,150 రూపాయలు. 2025 జూన్‌లో 1,400 చేశారు. అంటే ఆ లెక్కన ఏడాదికి 16,800 రూపాయలు మా ఇంట్లో మిగులుతున్నాయి, అదిగాక దూరమైనా జీతం మెరుగ్గా ఉన్న పనికి వెళ్లే వీలు కలిగింది. ఈ రెండో లాభాన్ని లెక్కలు వేసేవారు చాలామంది మరిచిపోతున్నారు.

ఇక రేషన్ కార్డు సంగతి. కొత్త కార్డుల కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూసిన తరువాత గాని 2025 జనవరిలో వాటి పంపిణీ మొదలు కాలేదు. పెళ్లై వేరుపడిన జంటలు, ఊరు విడిచి నగరంలో అద్దె గదుల్లో ఉంటున్న కూలీలు, అంటే ఈ పథకం అందరికంటే ఎక్కువగా అవసరమైనవారే, అన్నేళ్లూ కార్డు లేకుండా గడిపారు. మీరు చెప్పిన షరతు అప్పుడే ఉండి ఉంటే ముందుగా బస్సు దిగిపోవలసి వచ్చేది వాళ్లే. పైగా కాలు పెట్టే సందు లేని బస్సులో కండక్టర్ ఆధార్ చూడడమే కష్టమవుతుంటే, ఎవరి ఆదాయం ఎంతో ఎలా తేల్చగలడు? మీ శ్రీమతి ప్రయాణానికయ్యే ఖర్చు కంటే ఆమెను ఏరి పక్కన పెట్టడానికయ్యే ఖర్చే ఎక్కువవుతుందేమో ఆలోచించండి.

జనగామ ఆటో కుటుంబం:

ఉప్పల్ అక్క చెప్పినదంతా నిజమే, నేనూ ఆ బస్సులోనే తిరుగుతాను. కానీ మా ఆయన మండల కేంద్రం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు షేర్ ఆటో నడుపుతాడు, ఆ ఆటోలో ఎక్కేవారిలో సగానికి పైగా ఆడవాళ్లే ఉండేవారు. ఇప్పుడు బస్సు వచ్చే వేళ చూసుకొని ఆగుతున్నారు, వాళ్ల తప్పేమీ లేదు. ఆటో మీద తీసుకున్న అప్పుకు కిస్తీ మాత్రం ఆగదు. 2023 ఎన్నికల ముందు ఆటో డ్రైవర్లకు ఏటా 12,000 రూపాయలు ఇస్తామని కాంగ్రెస్ మాట ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఉచిత ప్రయాణం మొదలుపెట్టి, అదే ఏడాది అక్టోబర్ 4న ఆటో, క్యాబ్ డ్రైవర్లకు 15,000 రూపాయల చొప్పున ఖాతాల్లో వేశారు. ఒక కష్టజీవి ఇంటి ఖర్చు తగ్గించే పథకం వల్ల మరో కష్టజీవి రాబడి పడిపోతుందని ముందే తెలిసినప్పుడు, ఆ నష్టాన్ని కూడా పథకం ఖర్చులోనే కలిపి లెక్కకట్టాలని నేను అడుగుతున్నాను.

విశ్రాంత కండక్టర్, నల్లగొండ:

అందరికీ ఇవ్వాలా, కొందరికే ఇవ్వాలా అన్న వాదం కంటే ఆ డబ్బు ఎవరి జేబు నుంచి వస్తున్నదన్నదే పెద్ద ప్రశ్న. జీరో టికెట్ విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాలి. ఆ చెల్లింపు ఏ నెలకు ఆ నెల పూర్తిగా అందితే సంస్థ నిలబడుతుంది, ఆలస్యమైతే బస్సుల మరమ్మతులు, కొనుగోళ్లు వెనకబడతాయి. ఎలక్ట్రిక్ బస్సులకు కావలసిన సదుపాయాల ఖర్చు కోసమని చెప్పి 2025 అక్టోబర్ 6 నుంచి హైదరాబాద్ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెంచారు. ఉప్పల్ చెల్లెమ్మ ఇంట్లో భర్త కూడా బస్సులోనే పనికి వెళ్తుంటే, రానుపోను రోజుకు 20 రూపాయల చొప్పున 26 రోజులకు 520 రూపాయలు అదనం. భార్యకు మిగిలిన 1,400లో మూడో వంతుకు పైగా భర్త టికెట్‌లో తిరిగి వెళ్లిపోయినట్టే. ఇలాంటి పెంపు మధ్యతరగతి కంటే పేద మగవారినే ఎక్కువగా తాకుతుంది, ఎందుకంటే సొంత బండి లేనివారే సిటీ బస్సు ఎక్కుతారు.

మరొకటి: బస్సు రాని ఊరికి ఉచితమన్న మాటకు అర్థం లేదు. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తప్ప ట్రిప్పులు లేని ఊళ్లలో నేను ఏళ్లపాటు డ్యూటీ చేశాను. సాయంత్రం బండి తప్పిపోయిన ఆడమనిషి ఆటో మాట్లాడుకుంటే రోజు కూలిలో పెద్ద ముక్క పోయేది. 2025లో మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇచ్చే పద్ధతి మొదలైంది. అలా వచ్చే బస్సులను ముందుగా ఇటువంటి ఊళ్లకే వేయాలి.

సిద్దిపేట ఉపాధ్యాయుడు:

రేషన్ కార్డు షరతు గురించి నేను రాసినదాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. కార్డు లేని పేదలను నేను లెక్కలోకి తీసుకోలేదు, ఉప్పల్ సోదరి మాట సరైనది. కొత్త బస్సులు కావాలన్న మాట మీద మాత్రం నిలబడే ఉన్నాను, కాకపోతే వాటికి డబ్బు మహిళల జీరో టికెట్ నుంచి గాని, మగవారి పెరిగిన టికెట్ నుంచి గాని కాక బడ్జెట్ నుంచే నేరుగా రావాలి. జనగామ సోదరి అడిగిన 12,000 కూడా ఆ పద్దులోనే చేరాలి. మా బడిలో వంట చేసే ఆమె ఊరికి చివరి బస్సు సాయంత్రం అయిదున్నరకే వెళ్లిపోతుంది. అది తప్పితే మళ్లీ మర్నాడు ఉదయం దాకా బస్సు లేదు. ఆ ఊరికి రాత్రి ఎనిమిదికి ఒక ట్రిప్పు వేయాలంటే డిపోలో ఎవరికి, ఏ విధంగా అర్జీ పెట్టాలో నల్లగొండ పెద్దాయన చెప్పగలిగితే ఈ వారమే ఊరివాళ్ల సంతకాలు తీసుకుంటాను.