పాత జీటీ-10 అమ్మేసి కొత్త డిజిటల్ యూనిట్‌కి మారాలా? మీరైతే ఏం చేస్తారు?

ఆరు_తీగలు:
నమస్తే. మాది హన్మకొండ. పదిహేనేళ్లుగా ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తున్నా. పెళ్లిళ్లు, రిసెప్షన్లు, గణపతి మండపాలు, సీజన్‌లో మంచిర్యాల, గోదావరిఖని దాకా తిరుగుడే. నా దగ్గర ఉన్నది బాస్ (Boss) కంపెనీ జీటీ-10, అంటే గిటార్ సౌండ్‌ని రకరకాలుగా మార్చే, కాలితో తొక్కే డిజిటల్ డబ్బా. 2008లో వచ్చిన మోడల్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా మొరాయించలేదు.

పోయిన నెల ఒక రిసెప్షన్‌లో మాతో పాటు కాలేజీ పిల్లల బ్యాండు కూడా ఉంది. అందులో గిటార్ కుర్రాడు లైన్ 6 కంపెనీ హెచ్‌ఎక్స్ స్టాంప్ తెచ్చాడు, అదీ ఇలాంటి డబ్బానే, కొత్త రకం. టిఫిన్ డబ్బా అంత ఉంది. నేరుగా మిక్సర్‌కి ఇచ్చి వాయిస్తే సౌండ్ నిండుగా, గుండ్రంగా వచ్చింది. అదే మిక్సర్, అవే స్పీకర్లు. నా వంతు వచ్చి డిస్టార్షన్ (రాక్ పాటల్లో వినిపించే పగిలిన సౌండ్) తొక్కితే తేనెతుట్టె కదిలించినట్టు జుయ్యిమని ఒకటే రొద. మా కీబోర్డ్ అన్న నవ్వి, "నీ డబ్బా ముసలిదైందిరా, మార్చెయ్" అన్నాడు.

డెబ్బై వేలు కూడబెట్టా. ఇంట్లో ఆ డబ్బుకి వేరే లెక్కలున్నాయి, అది వేరే సంగతి. మారితే నిజంగా తేడా ఉంటుందా, లేక ఇది నా మోజేనా? సొంతంగా వాడినవాళ్లు చెప్పండి.

ప్యాచ్_పిచ్చోడు:
మార్చెయ్ అన్నా, ఇందులో ఆలోచించేదేముంది! ఇలాంటి డిజిటల్ డబ్బాల వరుస చూడు: లైన్ 6 వాళ్ల పాడ్ వచ్చింది 1998లో. ఫ్రాక్టల్ ఆక్స్-ఎఫ్ఎక్స్ 2006, హీలిక్స్ 2015, క్వాడ్ కార్టెక్స్ 2021. ఈ వరుసలో నీ జీటీ-10 ఎక్కడుందో నువ్వే చూసుకో. 2008 నాటి ఫోన్ ఇప్పుడు వాడుతున్నావా?

అసలు తేడా ఐఆర్‌లో ఉంది. ఐఆర్ అంటే ఇంపల్స్ రెస్పాన్స్. నిజమైన స్పీకర్ క్యాబినెట్ ముందు మైక్ పెట్టి, ఆ క్యాబినెట్, ఆ మైక్ కలిసి శబ్దాన్ని ఎలా మారుస్తాయో రికార్డు చేసిన చిన్న ఫైలు. సెకనులో కొంత భాగమే ఉంటుంది. దాన్ని యూనిట్‌లో లోడ్ చేసుకుంటే మంచి స్టూడియోలో మైక్ పెట్టిన క్యాబినెట్ నీ సంచిలో ఉన్నట్టే. జీటీ-10లో ఐఆర్ లోడ్ చేసే వీలే లేదు. ఇక క్వాడ్ కార్టెక్స్ అయితే, నీ సొంత ఆంప్‌ని (గిటార్ యాంప్లిఫయర్‌ని) దానికి వినిపిస్తే కొన్ని నిమిషాల్లో నకలు తీసి పెడుతుంది. ధర మాత్రం లక్ష దాటుతుంది, కాబట్టి నీకు స్టాంపే.

వాల్వ్_మామ:
నకలు అని నువ్వే అంటున్నావు కదా. అసలు దొరుకుతుంటే నకలెందుకు?

నాది ముప్పై ఏళ్ల నాటి వాల్వ్ కాంబో, అంటే గాజు వాల్వులతో నడిచే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో. ముందు 12ఏఎక్స్7 వాల్వులు, వెనక రెండు ఈఎల్84లు. రెండేళ్ల కింద హమ్ మొదలైతే పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లా. చెవి ఆనించి విని, "ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినయ్" అన్నాడు. మార్చాడు. మళ్లీ నోరెత్తలేదు. (ఇంట్లో మీరే విప్పి చూద్దామనుకోకండి. స్విచ్ తీసేశాక కూడా లోపల 300 వోల్టుల పైన నిలవుండొచ్చు.) మీ డబ్బాలో చిప్పు పోతే ఈ ఊళ్లో ఎవరు మారుస్తారు? కొరియర్‌లో పంపి, వచ్చేదాకా పెళ్లివాళ్లకి ఏం చెబుతారు?

ఇంకో మాట. కొత్తది మూడేళ్లకి పాతదవుతుంది. ఈ తమ్ముడు ఈరోజు జీటీ-10ని ఎలా చూస్తున్నాడో, 2030లో ఇంకొకడు స్టాంప్‌ని అలాగే చూస్తాడు. ఈ పరుగుకి అంతు లేదు.

గోదావరిఖని_బేస్:
మామా, ఇరవై కిలోల కాంబో ఎత్తుకుని ఒక్కసారి మా ఊరి ఆర్టీసీ బస్సు ఎక్కు. కండక్టర్ దానికీ టికెట్ కొడతాడు.

వాల్వ్_మామ:
కొట్టాడు కూడా. కూర్చోబెట్టుకుని తెచ్చా.

హాస్టల్_గిటార్:
నాకో డౌట్. డిజిటల్‌లో తీగ మీటిన వెంటనే సౌండ్ రాదు, లేట్ అవుతుంది అని మా సీనియర్లు అంటారు. నిజమేనా?

ప్యాచ్_పిచ్చోడు:
లేట్ ఉంటుంది, కానీ రెండు మూడు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మీటరు పోవడానికి పట్టేదే దాదాపు మూడు మిల్లీసెకన్లు. అంటే మీ సీనియర్ తన వాల్వ్ ఆంప్‌కి ఒక అడుగు వెనక్కి జరిగితే ఒక మిల్లీసెకను లేట్ తనే తెచ్చుకున్నట్టు. ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ సరిగ్గా లేకుండా వాయిస్తే లేట్ బాగా తెలుస్తుంది. ఆ పేరు పాపం పెడల్ యూనిట్లకి కూడా అంటుకుంది.

మిక్సర్_వెనక:
ఇరవై ఏళ్లుగా సౌండ్ సిస్టమ్ నడుపుతున్నా. గిటార్ వాయించడం రాదు, కానీ వరంగల్ చుట్టుపక్కల గిటారిస్టుల్లో చాలామందికి ఫేడర్ (మిక్సర్ మీద సౌండ్ పెంచి తగ్గించే మీట) పైకి తోసింది, చెప్పకుండా కిందికి దించింది నేనే. అందుకని ఒకటి అడుగుతా.

ఆరు తీగల తమ్ముడూ, నువ్వు ఇంట్లో చిన్న ఆంప్‌లో పెట్టి ప్రాక్టీస్ చేస్తావా? స్టేజీ మీద జీటీ-10 నుంచి నేరుగా మిక్సర్‌కి వైరు ఇస్తావా? నీ యూనిట్‌లో అవుట్‌పుట్ సెలెక్ట్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది దేని మీద ఉందో చూసి చెప్పు.

ఎందుకంటే ఆ "జుయ్యి" నాకు బాగా తెలిసిన శబ్దం. గిటార్ ఆంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డిస్టార్షన్‌లో పుట్టే గీరుడంతా అక్కడే ఆగిపోతుంది. జనం వైపు పెట్టే మా పీఏ స్పీకర్‌లో పై శబ్దాల కోసం ట్వీటర్ ఉంటుంది, అది దేన్నీ ఆపదు. అందుకే డిజిటల్ యూనిట్లలో గిటార్ స్పీకర్‌ని అనుకరించే స్పీకర్ సిమ్యులేషన్ పెట్టారు. కానీ బాస్ యూనిట్లకి "నేను జేసీ-120 ఆంప్‌లోకి పోతున్నా" అనో, "కాంబో ఆంప్‌లోకి పోతున్నా" అనో చెబితే, ముందు నిజమైన స్పీకర్ ఉంది కదా అని ఆ సిమ్యులేషన్ పక్కన పెట్టేస్తాయి. మిక్సర్‌కి ఇచ్చేటప్పుడు అది "లైన్/ఫోన్స్" మీద ఉండాలి.

ఇంకొకటి. జీటీ-10 నుంచి మామూలు గిటార్ వైరే ఇరవై మీటర్లు లాగి మిక్సర్ దాకా తెస్తారు కొందరు. లైట్ల వైర్లు, జనరేటర్ వైర్లు అన్నీ దాని పక్కనే. మధ్యలో డీఐ బాక్స్ పెట్టండయ్యా, పొడుగు వైరులో రొద పట్టకుండా సిగ్నల్‌ని మార్చి పంపే చిన్న పెట్టె అది. రెండు వేలు పెడితే పనికొచ్చేది దొరుకుతుంది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ (గ్రౌండ్ వైరు తెంచే) స్విచ్ ఉంటే ఆ గుర్రుమనే 50 హెర్ట్జ్ హమ్ చాలాసార్లు అక్కడే పోతుంది. మన ఫంక్షన్ హాళ్లలో సౌండ్ ఎక్కువగా మోనోనే కాబట్టి ఎడమవైపు మోనో జాక్ ఒక్కటే వాడండి. కుడివైపు ఒక్కదాన్నే పెట్టి, డిలే (ప్రతిధ్వని ఎఫెక్టు) సగం వినిపించట్లేదని నన్ను తిట్టినవాళ్లు కూడా ఉన్నారు.

ఆరు_తీగలు:
అన్నా, ఇప్పుడే చూశా. జేసీ-120 మీద ఉంది.

బహుశా కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. అమ్మినాయన దగ్గర జేసీ ఆంప్ ఉండేది. పదిహేనేళ్లు! ఎన్ని పెళ్లిళ్లు చేశానో నేను, అన్నిటికీ తేనెటీగలే.

గోదావరిఖని_బేస్:
పెళ్లికి సన్నాయి ఉంటుంది కదా, దాంట్లో కలిసిపోయి ఉంటుందిలే.

వాల్వ్_మామ:
చూశారా? డెబ్బై వేలు మిగిలాయి. నా మాటే గెలిచినట్టు.

ప్యాచ్_పిచ్చోడు:
నీ మాట ఎక్కడ గెలిచింది మామా? నువ్వు వాల్వ్ కొనమన్నావు. అన్న చేతిలో ఉన్నది ఇప్పటికీ డిజిటల్ డబ్బానే.

సెట్టింగ్ తప్పు ఒప్పుకుంటా, మిక్సర్ అన్నకి దండం. కానీ ఆ ఒక్కటి సరిచేస్తే స్టాంప్‌కి సమానమవుతుందంటే ఒప్పుకోను. తీగ మీద వేలు మెల్లగా వేస్తే క్లీన్‌గా, గట్టిగా కొడితే పగిలినట్టు రావాలి కదా. ఆ సందులో పాత యూనిట్లు తడబడతాయి. పాత వాటిలో గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే డిస్టార్షన్ అంత సహజంగా తగ్గదు. కొత్త వాటిలో నిజం ఆంప్‌లాగే శుభ్రపడుతుంది. వాయించేవాడికి ఇది వేళ్లలో తెలుస్తుంది. మిక్సర్ వెనక ఉన్నవాళ్లకి తెలియకపోవచ్చు.

మిక్సర్_వెనక:
తెలియదు, నిజమే. పెళ్లికూతురు మేనమామకి కూడా తెలియదు. డబ్బులిచ్చేది ఆయన.

ప్యాచ్_పిచ్చోడు:
అన్నా, వాయించేవాడికి చేతికింద హాయిగా ఉంటే బాగా వాయిస్తాడు. అది మేనమామకి కూడా వినిపిస్తుంది.

కాజీపేట_కోయిర్:
మంచి చర్చ నడుస్తోంది. నేను ఆదివారాలు చర్చిలో వాయిస్తా, క్రిస్మస్ సీజన్‌లో బయట కూడా. పోయిన ఏడాది నేను పాత యూనిట్ నుంచి స్టాంప్‌కి మారా. మొదటి రెండు నెలలు ఏడుపొక్కటే తక్కువ. అది చెబుతా, తమ్ముడికి పనికొస్తుంది.

ఇంట్లో రాత్రిపూట పిల్లలు పడుకున్నాక హెడ్‌ఫోన్స్‌లో ప్యాచ్‌లు (సేవ్ చేసుకునే సౌండ్ సెట్టింగులు) చేసుకున్నా. అద్భుతంగా ఉన్నాయి. చర్చిలో పెద్ద స్పీకర్లలో పెడితే కింద అంతా బుంగబుంగ, పైన చెవిలో సూది. యూనిట్ తప్పనుకున్నా. తర్వాత తెలిసింది, తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయట. అందుకని వాటిని మనమే పెంచేస్తాం. వాల్యూమ్ పెరిగాక అవే ఎక్కువై కూర్చుంటాయి. ఫ్లెచర్, మన్సన్ అనేవాళ్లు 1933లోనే దీన్ని కొలిచారు. ఇప్పుడు ప్యాచ్‌లన్నీ చర్చి ఖాళీగా ఉన్నప్పుడు, ఆ స్పీకర్లలోనే, ఆ వాల్యూమ్‌లోనే సరిచేసుకుంటా. 100 హెర్ట్జ్ కింద కోసేస్తా, 7 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తా. ఆ రెండు కోతలతోనే సగం పని అయిపోయింది.

అంటే కొత్తది కొన్నా ఈ పని తప్పదు. ఇదే పని పాతదాని మీద చేసి ఉంటే అసలు మారేవాణ్ణేనా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఐనా అమ్మను. బరువు తగ్గింది, బండి మీద ముందు పెట్టుకుని పోతున్నా. ఆ సుఖం చిన్నది కాదు.

ఆరు_తీగలు:
కోయిర్ అన్నా, కరెంటు సంగతేంటి? మండపాల దగ్గర కరెంటు పోతే జనరేటర్ అందుకునేదాకా అంతా ఆగిపోతుంది. కొత్తవి మళ్లీ ఆన్ కావడానికి టైమ్ పడుతుందంటారు.

కాజీపేట_కోయిర్:
పడుతుంది. కొత్తవి లోపల చిన్న కంప్యూటర్లే కదా, పాతవాటిలా టక్కున లేవవు. పాట మధ్యలో అంతసేపంటే ఒక యుగం. నేను కంప్యూటర్‌కి వాడే మామూలు 600 వీఏ యూపీఎస్ పెట్టుకున్నా. స్టాంప్ అడాప్టర్ 9 వోల్టులు, 3 ఆంపియర్లు, అంటే ఎక్కువలో ఎక్కువ 27 వాట్లు. కంప్యూటర్ ముందు అదెంత! జనరేటర్ వచ్చేదాకా హాయిగా లాగుతుంది. బ్యాటరీల మీద నడవాలంటే జూమ్ జీ1 ఫోర్ లాంటివి ఉన్నాయి, నాలుగు పెన్సిల్ సెల్స్ చాలు. పాత పెడల్స్ అడాప్టర్ మాత్రం స్టాంప్‌కి పెట్టకు, వోల్టేజీ ఒకటే ఐనా కరెంటు సరిపోదు.

హాస్టల్_గిటార్:
మీరందరూ ఇంత మాట్లాడే బదులు రెండూ పక్కపక్కన పెట్టి వినొచ్చు కదా? ఎవరు ఏది వాయిస్తున్నారో కనపడకుండా.

మిక్సర్_వెనక:
ఈ పిల్లాడు తెలివైనోడు. ఆదివారం మధ్యాహ్నం నా గోడౌన్‌కి రండి. హన్మకొండ చౌరస్తా నుంచి పది నిమిషాలు. రెండు టాప్‌లు, ఒక బేస్ బాక్స్ పెడతా. చాయ్ నాది. మామా, నీ కాంబో కూడా తెచ్చుకో, మైక్ పెడతా.

(సోమవారం)

ఆరు_తీగలు:
నిన్న వెళ్లాం. ఆరుగురం. ఒకరు తెర వెనక వాయించడం, ఐదుగురు గోడవైపు తిరిగి వినడం. లైన్/ఫోన్స్ మీద పెట్టిన నా జీటీ-10, కోయిర్ అన్న స్టాంప్, మామ కాంబో.

క్లీన్‌లో, కోరస్ ఎఫెక్టు వేసి తీగలు ఒక్కొక్కటిగా మీటే ఆర్పెజియోలో ఏది ఏదో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ప్యాచ్_పిచ్చోడు నా జీటీ-10ని స్టాంప్ అనుకుని మెచ్చుకున్నాడు. మామ స్టాంప్‌ని తన కాంబో అనుకున్నాడు, ఇప్పటిదాకా ఒప్పుకోవట్లేదు. గట్టి డిస్టార్షన్‌లో మాత్రం ఐదుగురిలో నలుగురు స్టాంప్‌కే ఓటేశారు. నిజం చెప్పాలంటే నాకు కూడా అదే నచ్చింది. వాయిస్తుంటే వేళ్లకి తేడా తెలిసింది, పిచ్చోడు చెప్పింది ఆ విషయంలో నిజమే. కానీ మా ప్రోగ్రామ్‌లో గట్టి డిస్టార్షన్ వచ్చేవి ముప్పై పాటల్లో మూడో నాలుగో.

ప్రస్తుతానికి డీఐ బాక్స్ ఒక్కటి కొన్నా. డెబ్బై వేల గురించి ఇంట్లో ఇంకా నోరు విప్పలేదు.

మిక్సర్_వెనక:
ఒక తప్పు నాది, రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. డిస్టార్షన్ రౌండ్‌లో స్టాంప్ చానెల్ గెయిన్ సరిచేయలేదు. మిగతావాటికంటే కాస్త గట్టిగా వచ్చింది. కొంచెం గట్టిగా ఉన్నదే ఎవరికైనా బాగున్నట్టు వినిపిస్తుంది, అది నా వృత్తిలో మొదటి పాఠం.

ప్యాచ్_పిచ్చోడు:
అంటే ఆ నాలుగు ఓట్లు చెల్లవా?!

వాల్వ్_మామ:
చెల్లవు. నా కాంబోకి మైక్ కూడా వంకరగా పెట్టాడు.

మిక్సర్_వెనక:
సరే, మళ్లీ ఆదివారం రండి. ఈసారి మూడింటికీ మీటర్ చూసి లెవెల్ సమం చేస్తా. చాయ్ మాత్రం ఈసారి పిచ్చోడిది.